గొడవ లేని ఖాళీ స్థలం

ఆ రోజు ఉదయం ఆరింటికి గుసగుస అనే పిల్ల వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి బాబాయి ప్రింటింగు షాపు నుంచి పోస్టర్లు తెచ్చి వీధుల్లో అంటిస్తాడు. తొమ్మిదింటి నుంచి తను పిన్ని కుట్టు దుకాణం కిటికీ దగ్గర కూర్చుని, పోస్టరు చూసి వచ్చినవాళ్ళలో పదిమంది గుర్తులు నోటుబుక్కులో రాసుకుంటుంది. మధ్యాహ్నం పిన్ని చేత ఫారం మీద సంతకం పెట్టించుకుంటుంది. నాలుగు గంటల్లోపు ఫోలియో బడిలో ఇచ్చేస్తుంది. ఈ మొత్తం పనిలో పరాయివాళ్ళతో నోరు విప్పాల్సిన అవసరం ఒక్కచోట కూడా లేదు. ఆ సంగతి రెండుసార్లు సరిచూసుకున్నాక గానీ ఆమె పళ్ళు తోముకోలేదు.

గుసగుస అనేది బాబాయి పెట్టిన పేరు. ఏది అడిగినా చెవి దగ్గర పెట్టుకుంటే గానీ వినపడని గొంతుతో చెబుతుంది. పరాయివాళ్ళు అడిగితే అది కూడా ఉండదు, "ఊఁ" అంటుంది. ఔననాలన్నా "ఊఁ", కాదనాలన్నా "ఊఁ". రెంటికీ తేడా ఆమెకు ఒక్కదానికే తెలుసు. పల్లెటూరి బడిలో చదివి, పై తరగతులకు పిన్ని ఇంటికి వచ్చినప్పుడు, సబ్జెక్టుల పట్టికలో విజువల్ కమ్యూనికేషన్ డిజైన్ అనే పేరు కనపడింది. అదేమిటని అడగడానికి సిగ్గేసి, పక్కనే అచ్చేసిన ఒక్క ముక్క చదివింది: 'మాట లేకుండా చెప్పే విద్య.' ఇంకేం కావాలి! దాహం వేసినవాడికి బావి తానే నడిచి ఎదురొచ్చినట్టయింది.

ఇప్పుడు చివరి సంవత్సరం. చివరి సంవత్సరం పిల్లలు నిజమైన క్లయింటును వెతుక్కుని, ఆ క్లయింటు అవసరం ఏమిటో కనుక్కుని, దానికి తగ్గ డిజైను చేసి, నలుగురికీ చూపించి, చివరికి క్లయింటు నింపి సంతకం పెట్టిన ఫారంతో సహా ఆ పనంతా ఒక ఫైలుగా, ఫోలియోగా, ఇవ్వాలి. మార్కుల్లో సగం దానికే. "సంతకం లేని ఫోలియో నా బల్ల మీద పెట్టొద్దు. పెడితే కిటికీలోంచి పడేస్తాను" అని డిజైను మేడం ముందే చెప్పింది. మేడం క్లాసు రెండో అంతస్తులో. అప్పటినుంచి గుసగుసకు కలలో కాయితాలు ఎగురుతూనే ఉన్నాయి. ఫోలియో పోతే సబ్జెక్టు పోతుంది, సబ్జెక్టు పోతే ఇంకో ఏడాది అదే బెంచీ.

క్లయింటు కోసం బజారుకు వెళ్ళి అడిగే ధైర్యం లేక, ఇంట్లో ఉన్న పిన్నినే క్లయింటును చేసుకుంది. పిన్నికి అవసరం నిజంగానే ఉంది. మూడు నెలల కిందట కుట్టు దుకాణం బజారు వీధిలోంచి ఈ సందు చివరికి మారింది. అప్పటినుంచి పాతవాళ్ళకు దారి తెలియదు, కొత్తవాళ్ళకు దుకాణమే తెలియదు. మిషను ముందు కూర్చుని పిన్ని చేసే పనల్లా మిషనుకు నూనె వేయడమే.

గుసగుస ఆరు వారాలు కష్టపడింది. మేడం పోస్టరు గురించి ఏం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా పాటించింది. మేడం ఎక్కువసార్లు చెప్పింది ఇదే: "పోస్టరు నిండా కుక్కకండి. ఖాళీ స్థలం వదలండి. ఖాళీ స్థలంలో ఏ గొడవా ఉండకూడదు. కంటికి ఊపిరాడాలి." అందుకని గుసగుస ముందు ఒక ముసాయిదా గీసుకుంది. పెద్ద పోస్టరు. మధ్యలో ఒక పెట్టె. ఆ పెట్టెలో, తనకు గుర్తుండేందుకు, 'ఖాళీ స్థలం, 40 × 60, ఏ గొడవా లేదు' అని రాసుకుంది. పై మూలను చూపిస్తూ ఒక బాణం, దాని పక్కన 'కార్నర్'. దుకాణం పేరు రావలసిన చోట 'పేరు తర్వాత'. అడుగున చిన్న సూదీ దారం బొమ్మ, 'దారి ఇటు' అనే బాణం, సందు పేరు, పిన్ని ఫోను నంబరు. ఆ తర్వాత ఆ రాతలన్నీ తీసేసి, పేరు పెట్టి, చక్కటి పోస్టరు తయారుచేసింది. ముసాయిదా ఫైలు పేరు 'ఫైనల్'. అసలు పోస్టరు ఫైలు పేరు 'ఫైనల్ ఫైనల్'.

ప్రింటింగు షాపుకు పంపింది మొదటిది.

షాపాయన మంచివాడు. వెనకా ముందూ చూడకుండా అచ్చేసే రకం కాదు. ముందురోజు సాయంత్రం ఫోను చేశాడు.

"అమ్మా, మధ్యలో ఖాళీ స్థలం ఉంది. ఉండనివ్వమంటావా, తీసేయమంటావా?"

గుసగుస ఫోను గట్టిగా పట్టుకుంది. ప్రింటింగు షాపులవాళ్ళు ఖాళీ కనపడితే ఊరుకోరని, పూలో పిట్టలో తెచ్చి పెట్టేస్తారని మేడం ముందే హెచ్చరించింది. ఇక్కడ "ఊఁ" అంటే కుదరదు. కళ్ళు మూసుకుని, బలమంతా కూడదీసుకుని, "ఉండాలండీ" అంది.

"సరే. అక్షరాలు మరీ సన్నగా ఉన్నాయి. కాస్త లావు చేయనా?"

"ఊఁ."

"ఎర్ర రంగు వేస్తే దూరానికి కూడా కనపడుతుంది. వేసెయ్యనా?"

"ఊఁ."

ఫోను పెట్టేశాక డైరీ తీసి, 'ఈ రోజు ఫోనులో పరాయి మనిషితో ఒక మాట పూర్తిగా మాట్లాడాను' అని రాసి కింద గీత కూడా గీసుకుంది.

బాబాయి కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. ఊళ్ళో ఆయనకు తెలియని గోడ లేదు. ఎనిమిదిన్నరకల్లా చేతికంటిన జిగురు దులుపుకుంటూ వచ్చాడు.

"బస్టాపులో రెండు, బజారులో రెండు, పాల బూతు దగ్గర ఒకటి, బ్యాంకు ఎదురుగా ఒకటి. ఆరూ అయిపోయాయి."

"ఎలా ఉంది బాబాయ్?"

"ఏమిటే? గట్టిగా చెప్పు."

"పోస్టరు… ఎలా ఉంది?"

"అదిరిపోయింది! నేను అంటిస్తుండగానే ఇద్దరు నంబరు రాసుకున్నారు."

గుసగుస మొహం విచ్చుకుంది. "నువ్వు చదివావా?"

"నేనెందుకు చదవడం? నాకు దుకాణం తెలుసుగా" అంటూ బాబాయి సంచీ భుజాన వేసుకుని మీటర్లకు వెళ్ళిపోయాడు.

తొమ్మిది కాకుండానే పిన్ని ఫోను మోగింది. గుసగుస కిటికీ దగ్గర నోటుబుక్కు తెరిచి, పెన్ను మూత తీసి, చెవులు రిక్కించింది.

"ఆఁ, చెప్పండి… పోస్టరు చూశారా? చాలా సంతోషమండీ… నలభై, అరవయ్యా? అంటే నడుం అరవయ్యా? కొంచెం భారీ మనిషే. ఏం పర్లేదు, మా దగ్గర అన్ని కొలతలకూ ఉంటుంది… లోతా? లోతు మీ ఇష్టమండీ. వెనక లోతు పెట్టమంటే వెనక పెడతాను, ముందు పెట్టమంటే ముందు పెడతాను… ముందు వైపు ఎంత వదులుతామా? రెండు వేళ్ళు చాలండీ… అదేమిటి, బండి ఎలా పడుతుందంటారు? బండెందుకండీ మధ్యలో?… సరే సరే, వచ్చి చూసుకోండి. ట్రయలు వేసుకున్నాకే మాట్లాడుకుందాం."

ఫోను పెట్టేసి పిన్ని కన్నకూతుర్ని చూసినంత ప్రేమగా గుసగుసను చూసింది. "ఏదో తిక్క మనిషిలే. అయితేనేం, బేరం బేరమే. నీ చదువు మంచిదేనే తల్లీ!"

ఆ మాటకు పొంగిపోయి గుసగుస నోటుబుక్కులో '1. ఫోను మనిషి, భారీ శరీరం' అని రాసుకుంది.

రెండో మనిషి నడిచే వచ్చాడు. ఎండా లేదు, వానా లేదు, చేతిలో గొడుగు. దుకాణం వైపు చూడనైనా చూడకుండా పక్కనున్న జాగా ముందు ఆగాడు. ఆ జాగా ఇంటి ఓనరుగారిది. పిన్ని దుకాణం గదీ ఆయనదే, పైన మేడా ఆయనదే. జాగా చుట్టూ తుప్పు పట్టిన ముళ్ళ కంచె, లోపల మోకాలెత్తు పిచ్చిమొక్కలు, మూడు కాళ్ళ కుర్చీ ఒకటి. గొడుగాయన కంచెలో సందు చేసుకుని లోపలికి దూరి, గొడుగుతో నేలను నాలుగుచోట్ల పొడిచి చూశాడు. 

ఆ వెనకే ఒక భార్యా భర్తా వచ్చారు. వాళ్ళూ కంచె దూరారు. భార్య పిచ్చిమొక్కల మధ్య నిలబడి చెయ్యి చాచింది.

"వంటిల్లు ఇక్కడ."

"అక్కడ మెట్లు వస్తాయే."

"అయితే మెట్ల మీద వండుకుందురు గాని."

గుసగుసకు ఏదో తేడాగా అనిపించింది. కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు ముళ్ళ కంచెలో ఎందుకు దూరుతున్నారు? వెళ్ళి అడగాలి. అడగడం అనే మాట తలుచుకోగానే చెయ్యి పెన్ను మీదికి పోయింది. '2. గొడుగు. 3, 4. వంటిల్లు, మెట్లు' అని రాసుకుని ఊరుకుంది. ఇరవై నిమిషాల్లో లెక్క పంతొమ్మిదికి చేరింది. పదిమంది చాలు అనుకున్న పిల్లకు పంతొమ్మిదిమందిని చూస్తే సంతోషం కలగాలి. కలగలేదు.

అప్పుడు గొడుగాయన కంచెలోంచి బయటికి వస్తూ చొక్కా మోచేతి దగ్గర పర్రున చింపుకుని, అది కూడా పట్టించుకోకుండా దుకాణం గడప ఎక్కాడు. చంకలోంచి ఒక పోస్టరు తీసి విప్పాడు. గోడ మీద నుంచి ఊడబెరుక్కొచ్చాడు, వేరేవాళ్ళు చూడకుండా.

"అమ్మా, నేను ముందొచ్చాను. గుర్తుపెట్టుకోండి. స్థలం బాగుంది. కార్నర్ కాకపోయినా కార్నర్ అని వేశారు, అది వదిలేద్దాం. హద్దు కొయ్యా, తాడూ బొమ్మ కూడా వేశారు, పద్ధతైన మనుషులని తెలుస్తూనే ఉంది. కానీ ఈ 'పేరు తర్వాత' ఏమిటండీ? డబ్బు ముందు, పేరు తర్వాత అంటే నేను ఒప్పుకోను."

గుసగుస పోస్టరు చూసింది.

ఎర్రటి అక్షరాలు, ఒక్కొక్కటి చెయ్యంత. ఖాళీ స్థలం. 40 × 60. ఏ గొడవా లేదు. కార్నర్. దారి ఇటు. ఆరు వారాల కష్టంలో మిగిలింది సూదీ దారం బొమ్మ ఒక్కటే, అది కూడా హద్దు కొయ్యలా ఉంది. నిజంగానే ఉంది. గుసగుస కిటికీ చువ్వ పట్టుకుంది.

పిన్నికి ఇంకా అర్థం కాలేదు. "పేరు ముందే కుట్టమంటే కుడతానండీ. జేబు మీదా, కాలరు మీదా?" అంటోంది.

ఇప్పుడే చెప్పాలి. గుసగుస నోరు తెరిచింది. "అది… స్థలం…"

"ఆఁ, స్థలమే" అన్నాడు గొడుగాయన. "చూశారా, చిన్నపిల్ల కూడా చెబుతోంది."

మాట పనికిరాదు. మాట ఎప్పుడు పనికొచ్చింది గనక! గుసగుసకు తెలిసిన దారి ఒక్కటే. అట్టపెట్టె మూత చింపి, లావు స్కెచ్చి పెన్నుతో, ఈసారి దూరానికి కూడా కనపడేలా, 'ఇక్కడ స్థలం లేదు' అని రాసి, పరుగున వెళ్ళి కంచెకు వేలాడదీసి వచ్చింది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇలాంటప్పుడు పుట్టిందే. సందు మొదట్లో ఉన్నవాళ్ళు ఆ అట్ట చదివి, కంచె లోపల నిలబడడానికి చోటు లేదని అర్థం చేసుకున్నారు. "ఇటు నుంచి లేదంట! అటు నుంచి రండి!" అని ఒకాయన అరిచాడు. అటు నుంచి అంటే ఓనరుగారి మెట్లు. పదిమంది మెట్లెక్కి వరండాలో నిలబడి, పైనుంచి జాగాను చూస్తూ, మొత్తం బాగా కనపడుతోందని సంతోషించారు. వెనకవాళ్ళు అట్టకు ఇంకో అర్థం తీశారు. "అమ్ముడైపోయిందంట!" "సగమే అయ్యిందంట!" "మిగతా సగం ఇచ్చేస్తున్నారంట, త్వరగా రండి!"

వరండాలో ఓనరుగారు గడ్డం గీసుకుంటున్నారు. సగం గీశారు, సగం నురగ ఉంది. భుజం మీద ఎవరో చెయ్యి వేసి, "ఏమండీ, మీరు కూడా దీనికేనా? ఎంతకు అడిగారు?" అన్నారు.

"దేనికి?"

"ఈ ఖాళీ స్థలానికండీ. కింద కుట్టు మిషనావిడ అమ్ముతోంది."

నురగ మొహంతోనే ఓనరుగారు మెట్లు దిగొచ్చారు. గొడుగాయన చేతిలోని పోస్టరు లాక్కుని చదివారు. కింద ఉన్న నంబరు చదివారు. పిన్ని వైపు చూశారు.

"గది అద్దెకిస్తే నా జాగా అమ్మకానికి పెడతారా? ఖాళీ స్థలమా? నేను చూపిస్తాను ఖాళీ అంటే ఏమిటో! ముందు మీరు ఖాళీ చేయండి! సాయంత్రంలోపు ఈ మిషనూ, ఈ బల్లా ఏవీ ఇక్కడ ఉండకూడదు!"

"అయ్యో, జాగా అమ్మడమేమిటండీ? నాకేం తెలుసు? కుట్టుకు మనుషులు వస్తారని పిల్ల…" అంటూ పిన్ని ఆగిపోయింది. మెల్లగా తల తిప్పింది. "ఏమే, ఏం రాశావే దాంట్లో?"

గుసగుస ట్రయలు వేసుకునే మూలకు కట్టిన తెర వెనక్కి తప్పుకుంది. ముందు సంతకం పోయింది, ఇప్పుడు దుకాణమే పోతోంది. దుకాణం పోతే క్లయింటు లేదు, క్లయింటు లేకపోతే ఫారం లేదు, ఫారం లేకపోతే రెండో అంతస్తు కిటికీ. తెర మీది పువ్వులు లెక్కపెట్టుకుంటూ నిలబడింది. పదకొండో పువ్వు దగ్గర, ఆ గోలనంతా చీల్చుకుంటూ ఒక గొంతు వినపడింది. తలుపులు వేసుకున్నా, దుప్పటి కప్పుకున్నా వినపడే గొంతు.

"ఖాళీ స్థలం ఎక్కడండీ?"

డిజైను మేడం.

గుసగుస తెర అంచు దగ్గరికి లాక్కుంది. ఫోలియో పరీక్షించడానికి మేడం స్వయంగా వచ్చేసింది! పోస్టరులో ఖాళీ స్థలం సరిగ్గా వదిలానో లేదో చూడడానికి! అలవాటు కొద్దీ చెయ్యి తన పని తాను చేసుకుపోయింది: '34. మా మేడం (నేను దాక్కున్నాను).'

"ఏమ్మా, ఆవిడా, మిమ్మల్నే!" మేడం పిన్నిని అడుగుతోంది. "బస్టాపులో చూశాను. నలభై అరవై అన్నారు, కార్నర్ అన్నారు. నాలుగేళ్ళ నుంచి వెతుకుతున్నాను, గొడవ లేని స్థలం ఒక్కటి దొరకలేదు. ఎవరికైనా మాటిచ్చేశారా?"

"నేను ముందొచ్చాను" అన్నాడు గొడుగాయన.

"మీరు ముందొస్తే వెనక నిలబడకూడదా ఏం?" అంది మేడం.

తెర వెనక గుసగుసకు ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైంది. అప్పుడు పిన్ని ఏడుపు గొంతుతో, "ఏ స్థలమూ లేదు తల్లీ, నా దుకాణమే పోతోంది" అనడం వినపడింది. పిన్ని ఏడవడం గుసగుస ఎప్పుడూ వినలేదు. తెర తీసుకుని వచ్చింది. ఇస్త్రీ బల్ల ఎక్కింది. ఎందుకెక్కిందో ఆమెకూ తెలియదు.

"అది స్థలం కాదు!"

అంత పెద్ద గొంతు ఎవరిదా అని ఆమె కూడా ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంది. వెనక గోడే ఉంది. సందులో తలలన్నీ ఇటు తిరిగాయి.

"అది కాయితం! కాయితం మీద ఖాళీ! నలభై, అరవై సెంటీమీటర్లు!"

"ఎన్ని సెంట్లు?" అన్నాడు గొడుగాయన.

"సెంట్లు కాదు, సెంటీమీటర్లు! అందులో ఆ మూడు కాళ్ళ కుర్చీ కూడా పట్టదు! కార్నర్ అంటే పోస్టరు మూల! అది హద్దు కొయ్య కాదు, సూది! ఇది కుట్టు దుకాణం! తప్పు ఫైలు పంపాను, తప్పు నాది, మా పిన్నిని ఏమీ అనకండి!"

ఇస్త్రీ బల్ల కిర్రుమంది. గుసగుస జాగ్రత్తగా దిగింది. దిగాక కూడా బతికే ఉంది.

"సూదా?" అంటూ కంచె లోపలి నుంచి వంటిల్లు పెట్టుకున్నావిడ నిట్టూర్చింది. "పదండి, ఇంక మెట్లూ వద్దు, వంటిల్లూ వద్దు." జనం కంచెలోంచి బయటికి దూరడం మొదలుపెట్టారు. లోపలికి పోయేటప్పుడు ఆశతో ఒళ్ళు తగ్గించుకుని దూరినవాళ్ళకు, బయటికి వచ్చేటప్పుడు ఆ ఒద్దిక లేకపోయింది. ఇటు పర్రుమంటే అటు పర్రుమంది. "నా మొక్కలు! మొక్కలు తొక్కకండి!" అని పిచ్చిమొక్కల కోసం పరుగెత్తిన ఓనరుగారి ప్యాంటు అన్నిటికన్నా గట్టిగా పర్రుమంది. వెనక వైపు, అడ్డంగా, జానెడు.

ఓనరుగారు అక్కడే ఆగిపోయారు. చేతులు వెనక్కి పెట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ, జనానికి ముందు వైపే చూపిస్తూ దుకాణంలోకి వచ్చారు.

పిన్ని కళ్ళు తుడుచుకుని సూదిలో దారం ఎక్కించింది. "మేడెక్కి మార్చుకుంటారా, ఇక్కడే వేసెయ్యనా?"

మెట్ల మీద ఇంకా ఆరుగురున్నారు. "ఇక్కడే వెయ్యండి" అన్నారు ఓనరుగారు.

"కదలకండి మరి. అన్నట్టు, సాయంత్రంలోపు ఖాళీ చేయాలన్నారు కదా, ఎన్నింటికల్లా?"

ఓనరుగారికి లోకజ్ఞానం ఉంది. సూది ఎక్కడుందో తెలుస్తూ ఉండగా ఆ సూది పట్టుకున్న మనిషితో తగవు పెట్టుకోకూడదని ఆయనకు తెలుసు. "ఏదో కోపంలో ఒక మాటంటాం. మాటన్నాక పట్టుకు వేలాడతామా?" అన్నారు. రెండు కుట్లు పడ్డాక, "అయినా నా జాగాకు ఇంత గిరాకీ ఉందని ఇన్నాళ్ళూ నాకే తెలియదు" అని కూడా అన్నారు, కాస్త గర్వంగా.

ఆయన తర్వాత గొడుగాయన చొక్కా. ఆ తర్వాత మెట్లాయన ప్యాంటు. స్థలం దొరకలేదన్న దిగులు పెద్దదే కానీ, చిరిగిన బట్టతో బజారులో నడవాలన్న దిగులు దగ్గరది. వరస కంచె దాకా వెళ్ళింది. పనిలో పనిగా వంటిల్లావిడ, "మా ఇంటి పరదాలు కూడా కుడతారా?" అని అడిగింది. "ఉన్న ఇంటికే లెండి."

మేడం పోస్టరును బల్ల మీద పరిచి, చేతులు కట్టుకుని చూస్తోంది. గుసగుస ఎదురుగా నిలబడింది.

"ఇది నీదా?"

"ఊఁ."

"ఔనా, కాదా?"

"నాదే మేడం."

"చూసినవాళ్ళు తప్పుగా అర్థం చేసుకుంటే తప్పెవరిది?"

"గీసినవాళ్ళది మేడం."

"ఆఁ. నాది కాదు. అది ముందు రాసుకో." మేడం నోటుబుక్కు తీసుకుని ఒక్కో గుర్తూ చదివింది. ముప్పై నాలుగో నంబరు దగ్గర ఆగింది. ఆగి, దగ్గి, పేజీ తిప్పింది. "ఇంతమందిలో ఒక్కరైనా ఇది కుట్టు దుకాణమని అనుకున్నారా?"

"లేదు మేడం. అందరూ స్థలమనే అనుకున్నారు."

"అందరూనా?"

"అందరూ."

మేడం జాబితాను మళ్ళీ మొదటి నుంచి చూసింది. "ఎన్నేళ్ళుగానో పాఠం చెబుతున్నాను" అంది చివరికి. "పదిమందికి చూపిస్తే పది రకాలుగా అర్థమయ్యే పోస్టర్లే తెస్తారు పిల్లలు. ఇంతమందికి ఒకే అర్థం వచ్చేలా చెప్పిన పిల్లను ఇదే చూడడం. అర్థమే తప్పు, అంతే. ఈ తప్పు పోస్టరూ, ఆ అసలు పోస్టరూ, ఈ జాబితా, మూడూ ఫోలియోలో పెట్టు. ఏం జరిగిందో రాయి. అంతా రాయి." గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "ముప్పై నాలుగు తప్ప. క్లయింటు ఫారం నాలుగింటికల్లా నా బల్ల మీద ఉండాలి. ఒక్క నిమిషం దాటినా కిటికీయే."

మూడు గంటలకు గుసగుస ఫారం పట్టుకుని మిషను పక్కన నిలబడింది. పిన్ని నోట్లో నాలుగు గుండుసూదులున్నాయి. కళ్ళతోనే బొత్తాల డబ్బా చూపించింది. గుసగుస కూర్చుని బొత్తాలు కుట్టింది. మూడుంబావు. ఒక చొక్కాకు ఆరు బొత్తాలు, అయిదు కాజాలు వచ్చాయి. విప్పి మళ్ళీ కుట్టింది. మూడున్నర. గోడ గడియారం ముల్లు తన గుండెను పట్టుకుని తిరుగుతున్నట్టుంది. సంతకం పెట్టు పిన్నీ అని అడగడానికి ఇస్త్రీ బల్ల వైపు చూసింది కూడా.

మూడూ ముప్పై అయిదుకు పిన్ని గుండుసూదులు తీసి, కళ్ళజోడు తగిలించుకుని, "ఇలా తే" అంది. ఫారాన్ని మిషను మీద పెట్టుకుని, ఒక్కో ప్రశ్నా పైకి చదువుతూ, బట్ట మీద సుద్దగీత గీసినంత నిదానంగా నింపింది.

"'క్లయింటు అవసరం ఏమిటి?' దుకాణానికి మనుషులు రావాలి." రాసింది. "'ఆ అవసరం తీరిందా?' తీరింది. ఇంక చాలు." రాసింది. "'డిజైను గురించి మీ అభిప్రాయం?'" ఇక్కడ కాస్త ఆలోచించింది. "దూరం నుంచి బాగా కనపడుతుంది." రాసి సంతకం పెట్టింది.

గుసగుస చెయ్యి చాచింది. పిన్ని ఇవ్వలేదు. కాయితం అడుగున ఇంకో ప్రశ్న ఉంది. "'ఈ డిజైనరుతో మళ్ళీ పని చేస్తారా?'"

పిన్ని కళ్ళజోడు మీంచి గుసగుసను చూసింది. వరసలో మిగిలిన తొమ్మిది చిరుగులను చూసింది. బయట కంచెను చూసింది. గడియారంలో మూడూ నలభై.

పిన్ని వంగి, గుండ్రటి అక్షరాలతో రాసింది: 'తప్పేదేముంది? మా ఇంట్లోనే ఉంటుంది.'